బావలిద్దరి మధ్య వంటగది

మా యజమాని బీచ్ రోడ్డులో ఏదో హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్లొచ్చి, సోమవారం పొద్దున్నే నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇక మనం లీన్ అయిపోవాలి" అన్నారు. ఆయన మనిషి భారీ. కూర్చుంటే కుర్చీ కనపడదు. డాక్టరుగారు ఏదో గట్టిగానే చెప్పి ఉంటారనుకుని, "మంచిదేనండి, రేపట్నుంచే నడక మొదలుపెట్టండి" అన్నాను. ఆయన నావైపు ఒక్క క్షణం తెల్లబోయి చూసి, పొట్ట కదిలేలా నవ్వారు.

"నేను కాదమ్మా. మన సైటు!"

సదస్సులో విన్నది తనకు అర్థమైనంత మేరకు నాకు చెప్పారు. ఇదేదో కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టి ఇళ్లు కట్టేవాళ్ల దాకా వచ్చిన పద్ధతట. పని నుంచి వృథాని తీసేయడమే దాని సారమట. వృథా అంటే ఒలికిపోయిన సిమెంటూ విరిగిపోయిన ఇటుకా మాత్రమే కాదు. ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం వృథా. చేసిన పనిని పగలగొట్టి మళ్లీ చేయడం వృథా. అక్కర్లేనప్పుడు సరుకు తెచ్చి పోసుకోవడం వృథా. ఈ చివరిది చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది. ఎందుకంటే మా సీతమ్మధార అపార్ట్‌మెంట్లో గోడలకి ప్లాస్టరింగ్ కూడా కాకముందే, తగ్గింపు ధరకి దొరుకుతున్నాయని టైల్సు లారీలకి లారీలు దింపించింది ఆయనే.

ఆ సైటుకి ఇంజనీర్ని నేను. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఇంట్లో "ఏంటి" అంటాను, సైట్లో అడుగుపెట్టగానే "ఏటి" అంటాను. రెండూ నాకు సొంత మాటలే.

యజమాని నన్ను కూడా ఆ సదస్సు పెట్టినవాళ్ల దగ్గరికి ఒకసారి పంపించారు. అక్కడ పాఠం చెప్పినాయన నాకిచ్చిన మొదటి సలహా వింతగా అనిపించింది. "మీ సైటులో ఒక పూటంతా ఎవరికీ ఏ పనీ చెప్పకుండా ఒకచోట కూర్చోండి. చూడండి, అంతే" అన్నాడు. మర్నాడు గొడుగేసుకుని, ఒక సిమెంటు బస్తా మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాను. నేను ఎవర్నీ కేకలెయ్యకుండా కూర్చోవడం సైటు మొత్తానికి ఒక సంచలనమైపోయింది. టీ తెచ్చే ఆవిడ నా దగ్గరకొచ్చి మెల్లిగా, "ఏటి మేడమ్, ఒంట్లో బాగోలేదా? నీర్సంగా ఉందా?" అని అడిగింది. వాచ్‌మన్ అయితే నా ఉద్యోగం ఊడిందని నిర్ధారణకొచ్చి, నమస్కారం పెట్టడం కూడా మానేశాడు.

కానీ ఆ పూట నేను చూసినవి నాకు నవ్వూ ఏడుపూ రెండూ తెప్పించాయి. పార్కింగ్‌లో పేర్చిన టైల్సు పెట్టెలు అడ్డొస్తున్నాయని ఒక జట్టు వాటిని మొదటి అంతస్తులోకి మోసింది. అక్కడ ప్లాస్టరింగ్ చేసేవాళ్లు "ఇక్కడెట్టేరేటి?" అని మెట్ల పక్కకి జరిపించారు. మెట్ల పక్కన పెయింటర్లు నిచ్చెన వెయ్యాలన్నారు. సాయంత్రానికి ఆ పెట్టెలు మళ్లీ పార్కింగ్‌కే వచ్చాయి, మధ్యలో కొన్ని పలకలు ప్రాణాలు వదిలాయి. రోజంతా అందరూ చెమటలు కక్కుతూ కష్టపడ్డారు. అందులో ఒక్కరు కూడా బద్ధకస్తులు కాదు. అయినా ఆ కష్టమంతా పెట్టెల ప్రదక్షిణకే సరిపోయింది.

మరుసటి వారం నుంచి ప్రతి సోమవారం మీటింగ్ పెట్టాను. కింద అంతస్తులో ఒక గోడకి తెల్లరంగు వేయించి, దాని మీద వారంలోని రోజులు రాయించాను. రంగు రంగుల కాగితం ముక్కలు తెచ్చాను. ప్రతి జట్టు పెద్దా వచ్చి, ఆ వారం తాను ఏ రోజు ఏ పని పూర్తిచేస్తాడో కాగితం మీద రాసి, తన చేత్తో తనే ఆ గోడకి అంటించాలి, పని అయ్యాక తనే పీకేయాలి. తాపీ వాళ్లకి పసుపు, ఎలక్ట్రీషియన్లకి ఎరుపు, టైల్సు వాళ్లకి నీలం. చూడ్డానికి బంతిపూల దండలా భలే ఉంది గోడ.

మొదటి మీటింగ్‌లో నేను ఏది అడిగినా ఒకటే జవాబు.

"రెండో అంతస్తు ప్లాస్టరింగ్ శుక్రవారానికి అవుతుందా?"

"అయిపోద్ది మేడమ్."

"బాత్‌రూముల పైపులు?"

"అయిపోద్ది మేడమ్."

"మేడ మీద ట్యాంకు?"

"అదెంత మేడమ్, అయిపోద్ది!"

వారం గడిచింది. గోడ మీద కాగితాలు అలాగే ఉన్నాయి, పనులూ అలాగే ఉన్నాయి. రెండో వారం కూడా అంతే. మూడో వారం యజమాని వచ్చి గోడ ముందు నిలబడి, "రంగులు బాగున్నాయమ్మా" అని ఊరుకున్నారు. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

నాకు అర్థమైన చిక్కేమిటంటే, మా దగ్గర "అయిపోద్ది" అనేది మాటివ్వడం కాదు, మర్యాద. మేడమ్ అడిగింది, కాదంటే ఏం బాగుంటుంది అని అనేస్తారు. అవదని చెబితే తిడతారని భయం కూడా. ఎప్పుడూ తిడుతూనే ఉన్నాం కదా మరి.

దీనికి తోడు మా సైట్లో ఇంకో కథ నడుస్తోంది. టైల్సు మేస్త్రీ, ఎలక్ట్రీషియనూ బావాబావమరుదులు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు, వ్యవసాయ కుటుంబాలు. మేస్త్రీ చెల్లెలినే ఎలక్ట్రీషియన్ చేసుకున్నాడు. ఇద్దరూ గాజువాకలో ఒకే మేడలో పైనా కిందా అద్దెకుంటున్నారు. ఒకప్పుడు ఒకే బండి మీద సైటుకి వచ్చేవారు. నేను మీటింగులు మొదలుపెట్టేనాటికి మాత్రం ఇద్దరి మధ్య మాటల్లేవు.

కారణం మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు వంటగది. ఆ ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు పొగ లాగే చిమ్నీకీ, నీళ్ల ఫిల్టరుకీ కరెంటు కావాలని తర్వాత అడిగారు. ఆ మార్పుతో కొత్త డ్రాయింగు ఆఫీసు నుంచి ఎలక్ట్రీషియన్‌కి చేరేసరికి, మేస్త్రీ ఆ గోడకి పలకలు అతికించేసి ఉన్నాడు. ఎలక్ట్రీషియన్ కట్టర్ పట్టుకుని వచ్చి ఒక గోడ పలకలు కోసేశాడు. మేస్త్రీ భోంచేసి వచ్చి చూసేసరికి తన పని ముక్కలై నేల మీద ఉంది. అంతే. నాలుగు రోజులు అరుపులు, ఆ తర్వాత మౌనం. ఎదురు గోడకి కూడా తీగ పోవాలి, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆ వంటగది అలాగే సగంలో ఆగిపోయింది.

మీటింగ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నాతోనే మాట్లాడేవారు.

"ఆ కట్టరు సప్పుడు సేసేవోడికి సెప్పండి మేడమ్, నా సామాను మీద కాలెట్టొద్దని."

"పలకలేసుకునీవోలు ముందు అడిగి ఏసుకుంటే బాగుంటాదని సెప్పండి మేడమ్."

నేను మధ్యలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలా తయారయ్యాను.

ఆ సగం వంటగది ఉన్న ఫ్లాటు ఒక రిటైరైన దంపతులది. ఆయన పోర్టులో క్రేన్ నడిపేవారు. గోదావరి నుంచి వయసులో ఉండగా వచ్చి, ఓడల మీద నుంచి సరుకు దింపడంలోనే జీవితమంతా గడిపారు. మనిషి మౌని. ఆవిడ మాత్రం గలగలా మాట్లాడుతుంది. ఆటోనగర్ దగ్గర అద్దె ఇంట్లో ఉంటూ, వారానికోసారి బస్సెక్కి తన ఇల్లు చూసుకోవడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒకటి. జంతికలో, పులిహోరో, మజ్జిగో. ఇంకా కిటికీలు లేని హాల్లో నిలబడి, "సోఫా ఇటు, టీవీ అటు, ఆయన కుర్చీ ఇక్కడ, కిటికీ దగ్గర. రోడ్డు చూసుకుంటూ కూర్చుంటారు" అని నాకు చూపించేది. నాకు ఆ హాల్లో ఇసక మాత్రమే కనపడేది. ఆవిడకి మాత్రం కర్టెన్లతో సహా కనపడేది.

ఒక మీటింగ్ రోజున ఆవిడ సరిగ్గా మేం కూర్చున్న సమయానికే వచ్చింది. "ఏం చేస్తున్నారండి అందరూ ఇక్కడ? బంతిపూలు కడుతున్నారా?" అంటూ ఒక ఇటుకల వరస మీద కూర్చుండిపోయింది. ఆ రోజు యజమాని కూడా ఉన్నారు. ఆవిడ ఆయనతోనూ మాతోనూ కలిపి చెప్పింది. గృహప్రవేశానికి పంతులుగారు ముహూర్తం పెట్టేశారు. ఆ ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది, మళ్లీ చాలా రోజుల దాకా మంచి రోజు లేదు. చుట్టాలకి కబురు చెప్పాలి. రైలు టికెట్లు చేయించుకోవాలి వాళ్లు.

"ఏం బాబూ, ఆ రోజుకి మా ఇంట్లో పాలు పొంగించుకోవచ్చా?" అని తాపీ మేస్త్రీని అడిగింది.

"అయిపోద్దమ్మా."

"ఏం బాబూ?" అని పెయింటర్ని.

"అయిపోద్దమ్మా, బెంగెట్టుకోకండి."

టైల్సు మేస్త్రీ తలూపాడు. అది కూడా అయిపోద్ది కిందే లెక్క. యజమాని నవ్వుతూ, "చూశారుగా, మీరు నిశ్చింతగా పిలుచుకోండి" అన్నారు.

ఆవిడ చివరిగా ఎలక్ట్రీషియన్ వైపు తిరిగింది. అతను చేతిలోని ఎర్ర కాగితాన్ని మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాడు. "మీరు కూడా చెప్పండి బాబూ. మా అక్క పెద్దది, పడిపోతుందేమోనని బయటికే రాదు. దీనికని వస్తానంది. ఉన్నమాట చెప్పండి."

అతను తలెత్తి ఆవిడని చూశాడు. ఒకసారి నన్ను చూశాడు.

"అవ్వదమ్మా" అన్నాడు.

ఆ సైటులో ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

"ఏంటయ్యా అవదంటావు?" యజమాని కుర్చీలోంచి లేచారు. "అందరూ అవుతుందంటుంటే నీ ఒక్కడికే వచ్చిందా కష్టం?"

"ఆ వంటింటికి తీగ ఎల్లాలంటే రెండో గోడ పలకలు తియ్యాలండి" అన్నాడు అతను. ఎర్ర కాగితాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. "పలకలు పగలగొడితే మా బావ నన్ను బతకనివ్వడు. పగలగొట్టకపోతే అమ్మగోరికి కరెంటు రాదు. రేపు సేద్దాం, ఎల్లుండి సేద్దామని నాను ఆపైడం, ఈయన ఆపైడం. ఇంక అవుద్దని ఎలాగ సెప్పీది? అబద్ధమాడి పెద్దావిణ్ణి రైలెక్కించమంటారా?"

యజమాని ముఖం ఎర్రబడింది. నేను అడ్డుపడ్డాను. నాకు భయం వేసినా, సంతోషం అంతకంటే ఎక్కువగా ఉంది. ఇన్ని వారాల్లో గోడ మీదకి వచ్చిన మొదటి నిజం అది. "ఉండండి సార్. ఆయన చెప్పిందే మనకి కావలసింది. అవదని ఇవాళ తెలిసింది కాబట్టి ఏదైనా చేసుకోవచ్చు. ముహూర్తం ముందు రోజు తెలిస్తే ఏం చేస్తాం?" అన్నాను. ఆయన కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది.

ముసలావిడ భయపడలేదు, ఏడవలేదు. ఒక్క నిట్టూర్పు విడిచి, టైల్సు మేస్త్రీ వైపు తిరిగింది. "అది కాదు బాబూ, మీ ఇళ్లల్లో పెళ్లి చేస్తే ఏం చేస్తారు? ముహూర్తం పెట్టుకుని అక్కణ్ణించి వెనక్కి చూసుకోరూ? తాళి కట్టేవేళకి పందిరి ఉండాలి, పందిరికి ముందు కర్రలు రావాలి, కర్రలకి ముందు ఎవరికో చెప్పాలి."

మేస్త్రీ గోడకేసి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "మా సెల్లి పెళ్లికీ అలాగే సేసినాం అమ్మా. అన్నీ సూసుకున్నాం. జనరేటరొక్కటీ ఆకరికి వదిలీసినాం. సరిగ్గా ముహూర్తానికి ఆగిపోనాది. పెళ్లికొడుకే పీటల మీంచి లేసి ఎల్లి బాగుసేసుకున్నాడు."

"మరెవుడు సేత్తాడు బావా?" ఎలక్ట్రీషియన్ నోట్లోంచి ఆపుకోలేనట్టు వచ్చేసింది. "మీవోలందరూ సీకట్లో కూకుని సూత్తన్నారు!"

"సేతులు కూడా కడుక్కోకుండా వచ్చీసినావు! జీలకర్రా బెల్లంలో గ్రీజు కలిపీసినావు! మా సెల్లి నెత్తి మీంచి ఆ మరక వారం దాకా పోనేదు!"

గదంతా గొల్లుమంది. యజమానికి నవ్వుతో దగ్గు వచ్చింది. ముసలావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఇద్దరూ మాత్రం నవ్వలేదు, తాము మాట్లాడుకున్నామన్న సంగతి అప్పుడే తెలిసినట్టు తలలు దించుకున్నారు.

ఆ నవ్వుల్లోనే నేను ఒక మాట బయటపెట్టాను. సిమెంటు బస్తా మీద కూర్చున్ననాటి నుంచి నన్ను తొలుస్తున్న మాటే. మేం అన్ని ఫ్లాట్లలోనూ అన్ని పనులూ కొంచెం కొంచెం చేస్తున్నాం. అందుకే ఏదీ పూర్తి కావడం లేదు, అందరూ అందరికీ అడ్డం పడుతున్నారు. అలా కాకుండా ముందు ఈ ఒక్క ఫ్లాటూ తాళం చేతికిచ్చేలా పూర్తిచేస్తే? ఒక జట్టు ఇందులోంచి బయటికెళ్లాకే ఇంకో జట్టు లోపలికి, మొదటి జట్టు పక్క ఫ్లాటులోకి. పంక్తి భోజనంలో వడ్డించేవాళ్లలా, ఒకరి వెనక ఒకరు. కూర వడ్డించేవాడూ సాంబారు పోసేవాడూ ఒకే విస్తరి మీద పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు మన సైటు అలా ఉంది.

యజమానికి అది రుచించలేదు. "మిగతావాళ్లు ఊరుకుంటారా అమ్మాయ్? ఆవిడ ఇల్లు అయింది, మాదెందుకు కాలేదని నా ఫోను కాల్చేస్తారు."

"కాలుస్తారు సార్. ఇప్పుడు కూడా కాలుస్తూనే ఉన్నారు కదా."

ఆయన ఒక వేలు చూపించి, "ఒక్కటే. చూద్దాం. తేడా వస్తే పాత పద్ధతే" అన్నారు.

పాత కాగితాలన్నీ పీకేశాం. కుడి చివర ముహూర్తం రాసి, అక్కణ్ణించి ఎడమకి వస్తూ అంటించడం మొదలుపెట్టాం. పాలు పొంగాలంటే పొయ్యి పెట్టే గట్టు కావాలి, గట్టు వెయ్యాలంటే గోడ పూర్తవ్వాలి, గోడకి ముందు తీగ. వంటగది దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ ఆ ఇద్దరి మీదకే వెళ్లింది.

"పలకలు నానే తీత్తాను" అన్నాడు మేస్త్రీ. "అతికించినోడికి తీడం రాదేటి? ముక్క ఇరగకుండా తీత్తాను. ఆడి కట్టరు మాత్రం లోపలికి రాకూడదు."

"ఆ మాట నాతోనే అను బావా. మేడమ్‌తో ఎందుకు?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఆ పని జరిగిన రోజు నేను కావాలనే వంటగది బయట తచ్చాడాను. లోపల ఉలి చప్పుడు, మధ్యలో మాటలు. మొదట "ఇటు పట్టు", "కిందకి దించు". ఇంకాసేపటికి "ఇంటికాడ పాప జొరం తగ్గిందా?" అని మేస్త్రీ గొంతు. టీ వేళకి ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి బజ్జీలు తింటున్నారు. తీసిన పలకల్లో రెండే విరిగాయి. పక్క ఫ్లాటులో ఆ గోడకి పలకలు ఇంకా వెయ్యలేదు కాబట్టి, అక్కడ ముందుగా తీగలు లాగేశారు. ఎవరూ ఏదీ పగలగొట్టక్కర్లేకపోయింది.

అన్నీ ఇంత సాఫీగా జరిగాయని కాదు. బాల్కనీ గ్రిల్స్ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేయిస్తున్నాం. నేను స్కూటర్ మీద వెళ్లి అడిగితే అక్కడి ఆసామి వెల్డింగ్ అద్దం పైకి తోసుకుని, "రేపిచ్చేత్తాను మేడమ్" అన్నాడు. నేను అక్కడున్న ఒక ఇనప పెట్టె మీద కూర్చుని, "రేపు కాదని నాకు తెలుసు. తిట్టను. నిజంగా ఎప్పుడో చెప్పండి, దాన్ని బట్టి మేం ఏర్పాటు చేసుకుంటాం" అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు. ఇది ఏదో కొత్త రకం తిట్టేమో అనుకున్నాడు. తర్వాత తల గోక్కుని, "ముహూర్తం దాటాకే మేడమ్. రాడ్లు ఇంకా రానేదు" అన్నాడు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. గ్రిల్ లేని బాల్కనీలోకి ఎవరూ వెళ్లకుండా తలుపుకి తాళం వేయాలని అప్పుడే తేల్చేశాం.

యజమాని అన్నట్టే మిగతావాళ్ల ఫోన్లు మోగాయి. రెండో అంతస్తు ఆయన ఒకరు సైటుకే వచ్చి కేకలేశారు. ఆయన్ని పూర్తవుతున్న ఫ్లాటులోకి తీసుకెళ్లి చూపించాను. తలుపులు, రంగులు, వెలుగుతున్న దీపాలు. ఆయన చాలాసేపు గోడలు తడిమి చూసి, "మాదీ ఇలాగే ఉంటుందా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు.

గృహప్రవేశం నాటికి లిఫ్టు లేదు, మెట్లకి రెయిలింగు సగమే ఉంది, కింద పార్కింగ్ నిండా దుమ్ము. ఆ ఫ్లాటు మాత్రం మామిడి తోరణాలతో మెరిసిపోతోంది. బాల్కనీ తలుపుకి మేం వేసిన తాళం చాలదన్నట్టు, క్రేన్ నడిపిన ఆయన దాని ముందు ఒక లావుపాటి తాడు అడ్డంగా కట్టారు. పోర్టులో సరుక్కి వేసే ముడి. నన్ను పిలిచి, లాగి చూడమన్నారు. లాగాను. కదల్లేదు. ఆయన సంతృప్తిగా తలూపారు. ఆయన నాతో అన్న ఒకే ఒక్క మాట, "ఏనుగొచ్చినా ఊడదండి."

ఆవిడ అక్కగారు ఇద్దరి భుజాల సాయంతో మెట్లెక్కి వచ్చింది. పాలు పొంగాయి. చిమ్నీ గుర్రుమంటూ తిరిగింది. బావలిద్దరూ ఇస్త్రీ చొక్కాలేసుకుని అతిథుల్లా కూర్చున్నారు. ఎలక్ట్రీషియన్ ప్రతి స్విచ్చునీ కళ్లతోనే లెక్కచూసుకుంటున్నాడు.

అప్పుడే హాల్లోంచి కేక వినిపించింది. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు బాత్‌రూములో కాళ్లు కడుక్కుంటున్నారు. ఆ నీళ్లు గొట్టం వైపు వెళ్లాల్సింది పోయి, వయ్యారంగా గుమ్మం దాటుకుని హాల్లోకి వచ్చేస్తున్నాయి. పట్టుచీరలు కుచ్చెళ్లు ఎత్తుకున్నాయి. పీటల మీదున్న పంతులుగారు కూడా కాళ్లు పైకి పెట్టుకున్నారు. టైల్సు మేస్త్రీ ముఖం మాడిపోయింది. నేల వాలు, మా భాషలో వాటం, తప్పిపోయింది. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తుడవడానికి గుడ్డ తీసుకున్నాడు. అతని వెనకే ఎలక్ట్రీషియన్ రెండో గుడ్డతో వెళ్లాడు.

"నువ్వెందుకు బావా?"

"మరి నా పెళ్లికి జనరేటరు కాడ నువ్వు టార్చిలైటు పట్టినావు కాదేటి."

ఇంటావిడ నవ్వుతూనే, "గంగమ్మ నడిచి ఇంట్లోకొచ్చింది, మంచిదేలెండి!" అంది. భోజనాలు కాస్త తడినేల మీదే జరిగాయి.

మర్నాడు మేస్త్రీ నా దగ్గరికొచ్చి, ఆ నేల తీసి మళ్లీ వేస్తానన్నాడు. నేను ఆలోచిస్తున్నది వేరే. పాత పద్ధతిలో అయితే ఈపాటికి అన్ని ఫ్లాట్లలోనూ బాత్‌రూములు అదే వాటంతో పూర్తయిపోయి ఉండేవి. అందరూ కాపురాలకి దిగాక గానీ ఈ నీళ్ల సంగతి బయటపడేది కాదు, అన్నీ పగలగొట్టాల్సి వచ్చేది. ఒక్క ఇల్లు పూర్తిగా అవడం వల్ల, నలుగురు కాళ్లు కడుక్కోవడం వల్ల, ఒక్క నేలతోనే సరిపోయింది. యజమానికి ఇది చెబితే, "అంటే గృహప్రవేశం కూడా మన పరీక్షల్లో ఒకటా!" అని మురిసిపోయారు. పాత పద్ధతి మాట ఇక ఎత్తలేదు.

మిగతా బిల్డింగు కూడా అనుకున్న గడువుకి అయిపోయిందని చెబితే అది అబద్ధమవుతుంది. వానలు పడ్డాయి, లిఫ్టు వాళ్లు ఏడిపించారు. కానీ రోజూ పగిలిన ముక్కలు ఎత్తుకెళ్లే ట్రాక్టరు ఆ తర్వాత ఎప్పుడో గానీ వచ్చేది కాదు. సోమవారం మీటింగుల్లో "ఈ వారం నాకు అవ్వదు మేడమ్" అనేవాళ్లు పెరిగారు. మొదట్లో తల వంచుకుని అనేవారు, తర్వాత తర్వాత టీ తాగుతూ అనేవారు. అలా అనగానే పక్కవాడు, "అయితే నాను ముందెల్లిపోనా?" అనేవాడు. మా గోడ మీది కాగితాలు అప్పుడప్పుడూ నిజంగానే అక్కడ రాసిన రోజుకి ఊడిపోయేవి.

గృహప్రవేశం రోజున ఎలక్ట్రీషియన్ భార్య కూడా వచ్చింది, జొరం తగ్గిన పాపని ఎత్తుకుని. సన్నటి మనిషి, నవ్వు ముఖం. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "ఇంటికాడ కూడా ఈలిద్దరూ అలాగే ఉండీవోరండి" అని చెప్పింది. "అన్న పైనుంచి 'మోటరు కట్టీమను' అనీవోడు. ఈయన కిందనుంచి 'కట్టీసినానని సెప్పు' అనీవోడు. ఇద్దరికీ ఇనపడద్ది, అయినా నాను మజ్జిలో సెప్పాల. నా నోరు నొప్పెట్టీసింది." అరిటాకులో పులిహోర కలుపుకుంటూ, "ఇప్పుడు ఇద్దరూ ఏకమైపోనారు. మోటరు నన్నే కట్టమంతన్నారు" అని ముగించింది.

ఒక ఆదివారం మేడ మీద ట్యాంకు పని ఉండి నేను సైట్లోనే ఉన్నాను. బావలిద్దరూ ఒకే బండి మీద గేటు దాకా వచ్చి ఆగారు. జాలరిపేట వెళ్తున్నారట, సేపలకి.

"మీకేటి తెమ్మంటారు మేడమ్?" అని వెనక కూర్చున్న మేస్త్రీ అరిచాడు.

"వంజరం తెండి, మంచిది చూసి."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "ఈ గాలికి పడవలు దూరం ఎల్లుండవు మేడమ్, వంజరం దొరకదు" అన్నాడు ఎలక్ట్రీషియన్. "సందువా సేప ఉంటే తెత్తాం. నేకపోతే రొయ్యలు."

బండి దిగువకి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి రొయ్యలు వచ్చాయి, ఇసక లేకుండా శుభ్రంగా కడిగి, ఒలిచి మరీ.